రిపోర్ట్ చదివే ముందు జ్వరం రోజులు లెక్కపెట్టండి

జూన్ దాటి వానలు పట్టాయంటే చాలు, నా వాట్సాప్ నిండా ల్యాబ్ రిపోర్టుల ఫొటోలే. నేను బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, మాది అనంతపురం వైపు, చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లల్లో చాలామందికి నా నంబర్ తెలుసు, వాళ్ళ ద్వారా ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి కూడా. అందరూ అడిగేది ఒకటే. "అక్కా, ఐజీఎం నెగటివ్ అని వచ్చింది, డెంగ్యూ లేనట్టేగా?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: జ్వరం ఏ రోజు మొదలైంది?

రిపోర్ట్ చేతిలో ఉండగా తేదీతో పనేంటి అనుకుంటారు. చాలా పని ఉంది. ఐజీఎం, ఐజీజీ అనేవి డెంగ్యూ క్రిములు కావు, ఆ క్రిమి మీద మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలు. వాటిని తయారుచేసేవి బీ కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. ఆ కణాలకి రోజులు పడతాయి. ఆ రోజులు గడవకముందే రక్తం తీసి వెతికితే అక్కడ ఏమీ దొరకదు, రిపోర్టులో నెగటివ్ అని వస్తుంది, ఆ మాట అబద్ధమూ కాదు, కానీ మీకు జబ్బు లేదని దాని అర్థం కాదు.

మా వీధిలో పీజీలో ఉండే ఒక అబ్బాయికి ఇదే జరిగింది. జ్వరం వచ్చిన రెండో రోజు ఏదో చిన్న ల్యాబ్‌లో ఐజీఎం ఒక్కటే చేయించాడు, నెగటివ్ వచ్చింది, వైరల్ ఫీవరే అనుకుని ఒళ్ళునొప్పుల మాత్రలు మింగుతూ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఐదో రోజు జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ సాయంత్రమే కడుపులో నొప్పి, వాంతులు, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. రూమ్మేట్ ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, నాలుగు రోజులు ఉండి బాగై వచ్చాడు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ కదిరి నుంచి రాత్రి బస్సులో వచ్చి, నా ఎదురుగా కూర్చుని "టెస్ట్ చేయించినాం కదమ్మా, నెగటివ్ అన్నారు కదమ్మా" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆమెకి చెప్పినదే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. యాంటీబాడీ వేరు, యాంటీబయాటిక్ వేరు. యాంటీబయాటిక్ మెడికల్ షాపులో దొరికే మందు, బ్యాక్టీరియా మీదే పని చేస్తుంది, డెంగ్యూ లాంటి వైరస్ మీద పని చేయదు. యాంటీబాడీ మన ఒంట్లో తయారయ్యే ప్రోటీన్. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్ళు రోజూ కనిపిస్తారు.

బీ కణాలు ఎముకల మజ్జలో పుడతాయి. ఒక్కో బీ కణం ఒక్కో రకం కొక్కెంతో పుడుతుంది, ఆ కొక్కేనికి ఏ క్రిమి తగులుకుంటుందో పుట్టేటప్పుడు దానికి తెలియదు. అవే చుక్కలు పెట్టి గీతలు మార్చి మార్చి ఎన్ని ముగ్గులు వేయొచ్చో, అలా కొన్ని జన్యు ముక్కలనే రకరకాలుగా కలిపి లెక్కలేనన్ని కొక్కేలు తయారవుతాయి. ఇది కనిపెట్టినందుకే సుసుము టొనెగావాకి 1987లో నోబెల్ ఇచ్చారు. అంటే మన ఒంట్లో ఇప్పటిదాకా రాని జబ్బులకి కూడా సరిపోయే కణాలు ముందే ఎక్కడో తిరుగుతున్నాయి. నాకైతే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇది ఆలోచిస్తే ఆశ్చర్యమే.

అయితే సరిపోయే కణాలు ఉండేది కొన్నే. క్రిమి వచ్చాక, దానికి తగిన బీ కణం లింఫ్ గ్రంథిలో దాన్ని పట్టుకోవాలి, సహాయక టీ కణం అనే ఇంకో రకం తెల్ల రక్తకణం వచ్చి ఇది నిజంగా శత్రువే అని ఒప్పుకోవాలి, అప్పుడు ఆ ఒక్క కణం రెండై, నాలుగై, వేలై పెరగాలి. కాలి మీద పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టింది అంటారు చూడండి, ఆ బిళ్ళ లింఫ్ గ్రంథే, లోపల ఈ పనే జరుగుతుంటుంది, అందుకే ఉబ్బుతుంది. పెరిగిన వాటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి సెకనుకి వేల సంఖ్యలో యాంటీబాడీలు వదులుతాయి. మొదట వచ్చేది ఐజీఎం. ఐదు ముక్కలు కలిసిన పెద్ద అణువు, పది చేతులు ఉన్నట్టు, ఒక్కో చేతి పట్టు అంత గట్టిది కాకపోయినా పదీ కలిపి పట్టుకుంటుంది. ఈలోగా గ్రంథిలో బీ కణాలు తమ కొక్కేన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోతాయి, పట్టు బాగా కుదిరినవే బతుకుతాయి, అలా సానపట్టాక ఎక్కువగా వచ్చేది ఐజీజీ. మొదటిసారి వచ్చిన జబ్బుకి ఐజీఎం కనిపించడానికి సుమారు నాలుగైదు రోజుల నుంచి వారం, ఐజీజీ బాగా పెరగడానికి పది రోజుల నుంచి రెండు వారాలు.

ఈ యాంటీబాడీ స్వయంగా ఎవరినీ చంపదు. వైరస్‌ని చుట్టుముట్టి మన కణాలకి అంటుకోకుండా అడ్డుపడుతుంది, లేదా క్రిమి మీద గుర్తులా అతుక్కుని క్రిముల్ని మింగే కణాల్ని పిలుస్తుంది, రక్తంలో ఉండే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లని రేపి బ్యాక్టీరియాకి రంధ్రాలు పడేలా చేస్తుంది. కణం లోపలికి దూరిపోయిన వైరస్‌ని మాత్రం ఇది అందుకోలేదు, ఆ పని వేరే టీ కణాలది.

ఇక డెంగ్యూ రిపోర్ట్. జ్వరం మొదలైన రోజుని ఒకటో రోజుగా లెక్కపెట్టండి. రాత్రి పదకొండుకి ఒళ్ళు వెచ్చబడినా ఆ రోజే ఒకటి. ఐదో రోజు లోపు అయితే చేయించాల్సింది ఎన్ఎస్1 పరీక్ష, ఎందుకంటే ఎన్ఎస్1 అనేది వైరస్ వదిలే ప్రోటీన్, దానికి మన బీ కణాల కోసం ఆగాల్సిన పని లేదు. ఐదో రోజు దాటితే ఐజీఎం. సరిగ్గా ఐదో రోజు దగ్గర్లో ఉంటే రెండూ. రెండో రోజు ఐజీఎం ఒక్కటే చేయించి నెగటివ్ అని ఊపిరి పీల్చుకోవద్దు, అలాగే ఏడో రోజు ఎన్ఎస్1 ఒక్కటే చేయించి నెగటివ్ అనుకోవద్దు. సరైన రోజున చేసినా ఒక్కోసారి తప్పిపోతుంది, అందుకే డాక్టర్ అనుమానం ఉందంటే రిపోర్ట్ కంటే ఆ మాటకే విలువ ఇవ్వండి. వీలైతే కార్డు మీద చేసే రాపిడ్ టెస్ట్ కాకుండా, ల్యాబ్‌లో మెషీన్‌తో చూసే ఎలైజా అడగండి. ధర విషయానికొస్తే, ప్రైవేటు ల్యాబుల్లో ఎన్ఎస్1కి 300, ఐజీఎంకి 300 రూపాయలు దాటకూడదని 2024లో కర్ణాటక ప్రభుత్వం నిర్ణయించింది, కౌంటర్ దగ్గర అంతకన్నా ఎక్కువ చెబితే అడగడానికి మొహమాటపడకండి.

ఐజీఎం పాజిటివ్ వచ్చినా తేదీ చూడాలి. అది రెండు మూడు నెలలు రక్తంలో ఉండిపోవచ్చు. ఆగస్టులో డెంగ్యూ వచ్చి తగ్గినవాళ్ళకి అక్టోబర్‌లో వేరే జ్వరం వస్తే, ఐజీఎం పాజిటివ్ పాతదాని వల్లే అయ్యుండొచ్చు. పాత డెంగ్యూ సంగతి డాక్టర్‌కి చెప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు.

ఐజీజీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. జ్వరం మూడో నాలుగో రోజే ఐజీజీ గట్టిగా కనిపిస్తే, చాలావరకు అది రెండోసారి డెంగ్యూ. మొదటిసారి వచ్చినప్పుడు మిగిలిన జ్ఞాపక బీ కణాలు ఉంటాయి కాబట్టి ఈసారి అవి ఆలస్యం చేయవు, నేరుగా ఐజీజీతో దిగుతాయి, ఐజీఎం తక్కువగా ఉండొచ్చు, ఒక్కోసారి కనిపించకపోవచ్చు. మామూలుగా అయితే ఇది మంచిదే. డెంగ్యూలో మాత్రం చిక్కు ఉంది. డెంగ్యూ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం మీద తయారైన యాంటీబాడీ ఇంకో రకాన్ని పట్టుకుంటుంది కానీ సరిగ్గా అణచలేదు, ఆ అరకొర పట్టుతో వైరస్ మన రక్షణ కణాల్లోకే ఇంకా సులువుగా దూరుతుంది. అందుకే రెండోసారి వచ్చిన డెంగ్యూ తీవ్రంగా మారే ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ. ఒకసారి వచ్చిపోయింది కదా, ఇక రాదులే అని ధైర్యంగా ఉండేవాళ్ళు దయచేసి ఈ పేరా ఇంకోసారి చదవండి, పీజీ డాబా మీద నీళ్ళు నిలిచిన బకెట్లు బోర్లించండి.

జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే డెంగ్యూలో అసలు జాగ్రత్త పడాల్సిన సమయం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండడం, మూత్రం తగ్గడం, చేతులు కాళ్ళు చల్లబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రిపోర్ట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ చెప్పిన మోతాదులో. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు, రక్తస్రావం పెరగొచ్చు.

విడాల్ టెస్ట్ మాటకొస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. మూడు రోజుల జ్వరానికి విడాల్ చేయించి, 1:80 అనో 1:160 అనో రాగానే టైఫాయిడ్ అని యాంటీబయాటిక్ మొదలుపెట్టేయడం మన దగ్గర ఎంత మామూలైపోయిందో చెప్పలేను. ఫెర్నాండ్ విడాల్ 1896లో చెప్పిన పరీక్ష ఇది, టైఫాయిడ్ బ్యాక్టీరియా ముద్దకట్టేలా చేసే యాంటీబాడీలు రక్తంలో ఎంత ఉన్నాయో చూస్తుంది. నిజంగా టైఫాయిడ్ అయితే ఆ యాంటీబాడీలు పెరిగేది రెండో వారంలో. మరి మూడో రోజున కనిపించినవి ఎక్కడివి? ఎప్పుడో వచ్చి తెలియకుండా తగ్గినవాటివి కావచ్చు, వేరే జ్వరాల వల్ల కావచ్చు. ఒక్క విడాల్‌తో ఏదీ తేలదు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోసారి నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు దానికి అర్థం ఉంది. మొదటి వారంలో చేయించాల్సింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, అది కూడా యాంటీబయాటిక్ మొదటి మాత్ర మింగకముందే. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడుతుంది, కానీ అక్కడ దొరికేది అసలు క్రిమి.

ఈ ముద్దకట్టే పరీక్షే బీ కణాలకి ఆ పేరు రావడానికి కూడా కారణమైందని ఎంతమందికి తెలుసో. 1950ల్లో అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే ఆయన కోళ్ళ వెనక భాగంలో ఉండే బర్సా అనే చిన్న సంచిని తీసేసి ఏమవుతుందో చూస్తున్నాడు. టిమొతీ చాంగ్ అనే ఆయనకి క్లాసులో యాంటీబాడీలు చూపించడానికి కోళ్ళు కావాల్సి వస్తే ఆ కోళ్ళే ఇచ్చాడు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాని ఎక్కించి ముద్దకట్టే పరీక్ష చేస్తే, వాటికి యాంటీబాడీలే రాలేదు. 1956లో అచ్చయిన వాళ్ళ వ్యాసం కోళ్ళ పెంపకం పత్రికలో వచ్చింది కాబట్టి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ బర్సా పేరులోని మొదటి అక్షరమే బీ.

కుక్క కాటు. ఇక్కడ రోజులు ప్రాణం మీదకి వస్తాయి. రాత్రి షిఫ్ట్ దిగి క్యాబ్ నుంచి రూముకి నడిచే దారిలో కరిచిందని నాకే ఎంతోమంది చెప్పారు. మొదటి పని, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని మరీ కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏమీ పెట్టొద్దు. తర్వాత వెంటనే ఆసుపత్రికి. రక్తం వచ్చేలా కరిస్తే రెండు రకాల మందులు కావాలి, ఈ రెండూ ఎందుకో తెలిస్తే ఎవరూ ఒకటి వదిలేయరు. టీకా మన బీ కణాలకి రేబిస్ వైరస్‌ని పరిచయం చేస్తుంది, అవి యాంటీబాడీలు తయారుచేయడానికి వారం నుంచి రెండు వారాలు. ఆ వారం పది రోజులు వైరస్ గాయంలో ఊరికే ఉండదు, నరంలోకి దూరి మెదడు వైపు పాకుతుంది. అందుకే ఇమ్యూనోగ్లోబులిన్, అంటే వేరేచోట తయారైన యాంటీబాడీలని నేరుగా గాయంలోనూ గాయం చుట్టూనూ ఎక్కిస్తారు. నొప్పిగా ఉంటుంది, నిజమే. మనుషుల రక్తం నుంచి తీసింది ఉంది, గుర్రాల నుంచి తీసింది ఉంది, మన దేశంలోనే ల్యాబ్‌లో తయారయ్యే ఒకే రకం యాంటీబాడీలు, మోనోక్లోనల్ అనేవీ ఉన్నాయి, ఏది దొరికితే అది, ఆలస్యం మాత్రం వద్దు. మొదటి టీకా పడి ఏడు రోజులు దాటితే ఇక ఇది ఇవ్వరు, అప్పటికి మన సొంతవి వస్తుంటాయి కాబట్టి. టీకా కండకి వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో. మొదటి సూది పడిన రోజే సున్నా. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని పెద్దవాళ్ళు ఇంకా భయపెడుతుంటారు, ఆ పాత రకం టీకా మన దేశంలో 2004 చివర్లోనే ఆగిపోయింది.

రెండు డోసులు అయ్యాక కుక్క బాగానే తిరుగుతోంది కదా అని మానేసేవాళ్ళని చూశాను. మీ అంతట మీరు ఆ నిర్ణయం తీసుకోవద్దు, డాక్టర్ చెబితేనే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం.

పిల్లల టీకాల విషయంలో కూడా ఇదే లెక్క. ఆరు, పది, పద్నాలుగు వారాలకి ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటా టీకా మూడుసార్లు ఎందుకని అడుగుతారు. ఒక్కో డోసు మధ్య గ్రంథుల్లో ఆ సానపట్టే పని జరగాలి, దానికి కనీసం నాలుగు వారాలు ఇవ్వాలి, తొందరపడి ముందే వేయిస్తే అంత ఫలితం రాదు. ఊరికెళ్ళి ఆలస్యమైతే మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోట నుంచే. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండేదాకా ఆగేది ఇంకో కారణానికి: కడుపులో ఉండగా మాయ ద్వారా తల్లి ఐజీజీ బిడ్డకి చేరుతుంది, అది కొన్ని నెలలు ఉండి టీకాలోని వైరస్‌ని కూడా అణిచేస్తుంది, బిడ్డ బీ కణాలు దాన్ని సరిగ్గా చూడలేవు. గర్భిణికి ధనుర్వాతం టీకా వేసేది కూడా ఆ ఐజీజీ బిడ్డకి అందాలనే. ఇక ముర్రుపాలు పిండి పారబోయడం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. వాటిలో ఐజీఏ అనే యాంటీబాడీ నిండుగా ఉంటుంది, బిడ్డ పేగుల్లో క్రిములు అంటుకోకుండా కాపాడుతుంది. ఒక్క చుక్క కూడా పారబోయొద్దు.

హెపటైటిస్ బీ రిపోర్టులు రెండింటిని కలిపేసుకుని ఏడ్చినవాళ్ళు ఉన్నారు, అందుకే ఇది కూడా. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అంటే వైరస్ ఒంట్లో ఉందని, డాక్టర్‌ని కలవాలి. యాంటీ హెచ్‌బీఎస్ అంటే దాని మీద మన యాంటీబాడీ, టీకా పూర్తయ్యాక అది 10 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మంచి వార్త. మాలాంటి ల్యాబ్ పనివాళ్ళు మూడో డోసు తర్వాత నెల రెండు నెలలకి ఇది చూపించుకుంటాం. రెండు పేర్లలోనూ అవే అక్షరాలు ఉంటాయి, ముందు "యాంటీ" ఉందా లేదా చూడండి.

కీళ్ళవాతానికో లింఫోమా అనే క్యాన్సర్‌కో రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే, ఆ మందు బీ కణాలనే తీసేస్తుంది, తర్వాత ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం, టీకా వేసినా యాంటీబాడీలు సరిగ్గా రావు. వాళ్ళ టీకాలు ఎప్పుడు వేయాలో ఆ మందు మొదలుపెట్టకముందే డాక్టర్‌ని అడగాలి. వాళ్ళకి జ్వరం వస్తే యాంటీబాడీ పరీక్ష నెగటివ్ వచ్చినా దాన్ని నమ్ముకోవడానికి లేదు, వైరస్‌నే వెతికే పరీక్ష కావాలి. కుక్క గోరు చిన్నగా గీసుకున్నా ఆ మందు సంగతి ముందే చెప్పండి, మామూలువాళ్ళకి అవసరం లేని ఇమ్యూనోగ్లోబులిన్ వీళ్ళకి అవసరం పడుతుంది.

రేబిస్ టీకా కార్డు ఫొటో తీసి అమ్మకీ పంపి, మీ మెయిల్‌లోనూ పెట్టుకోండి. పీజీ మారినప్పుడు మొదట పోయేవి ఇలాంటి కాగితాలే. పూర్తి కోర్సు అయినవాళ్ళని మళ్ళీ ఎప్పుడైనా కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో రెండు సూదులు చాలు, గాయంలో పొడిచే ఇమ్యూనోగ్లోబులిన్ అక్కర్లేదు, జ్ఞాపక బీ కణాలు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. కార్డు చూపించలేకపోతే మాత్రం మళ్ళీ మొదటి నుంచీ అన్నీ వేయాల్సి వస్తుంది.